పాఠకుల ప్రశ్నలు: బెంగళూరులో కాపురం, ఊళ్లో ఓటు

గత సంచికలో జాతీయ రాజకీయాలపై మీ అభిప్రాయాలను, సందేహాలను పంపమని కోరాము. బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అన్నింటిలోనూ ఒకే ఇబ్బంది వేర్వేరు రూపాల్లో కనిపించింది. ఉండేది ఒక రాష్ట్రం, మనసు పెట్టేది మరొక రాష్ట్రం, మాట్లాడేది ఢిల్లీ గురించి. ఆ మాట ఎక్కడ లెక్కలోకి వస్తుందో తెలియక చాలామంది సతమతమవుతున్నారు. కొన్ని ఉత్తరాలను కుదించి, పేర్లు తీసివేసి, సమాధానాలతో ఇస్తున్నాము.

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. మా వారికీ నాకూ ఊళ్లో ఓటుంది, ఇక్కడా ఉంది. 2024లో బెంగళూరులో ఏప్రిల్ 26న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగు జరగడంతో మాకు తెలిసినవారు కొందరు రెండు చోట్లా వేశారు. "రాష్ట్రాలు వేరు, తేదీలు వేరు, తప్పేముంది?" అంటారు మా వారు. నాకు మనసొప్పలేదు, ఇక్కడ మాత్రమే వేశాను. ఎవరిది సబబు?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: మీదే సబబమ్మా. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒకటికి మించి నియోజకవర్గాల ఓటరు జాబితాల్లో ఉండకూడదు. రాష్ట్రాలు వేరైనా ఇదే నియమం, ఎందుకంటే లోక్‌సభ ఎన్నికకు విడిగా జాబితా అంటూ ఉండదు. ఆ నియోజకవర్గం కిందికి వచ్చే అసెంబ్లీ స్థానాల జాబితాలన్నీ కలిపితే అదే లోక్‌సభ జాబితా అవుతుంది. పేర్లు రెండు చోట్లా ఉండిపోయి, ఒకే సాధారణ ఎన్నికలో రెండు లోక్‌సభ స్థానాల్లో ఓటు వేసినవారి విషయంలో 1951 నాటి మరో ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్ మరింత స్పష్టంగా ఉంది: ఆ ఓట్లు రెండూ చెల్లవు. రెండు చోట్లా వేసి రెండింతల పౌరధర్మం నిర్వర్తించామనుకున్నవారు చట్టం దృష్టిలో ఒక్క ఓటు కూడా వేయనట్టే. పైగా నమోదు సమయంలో మరెక్కడా పేరు లేదంటూ, తెలిసి తెలిసీ అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక ఏ ఓటు ఉంచుకోవాలి? చట్టం అడిగేది మీరు సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నారని మాత్రమే. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంతమాత్రాన అక్కడి నివాసి అయిపోరని 20వ సెక్షన్ విడమరచి చెబుతుంది. కొద్దికాలం ఊరు విడిచి వెళ్లినంతమాత్రాన నివాసం పోదనీ అదే సెక్షన్ అంటుంది గాని, పన్నెండేళ్ల కాపురాన్ని కొద్దికాలపు గైర్హాజరీ అనలేము. కాబట్టి మీరిద్దరూ బెంగళూరు ఓటు ఉంచుకుని, ఊరి జాబితాలోని పేరు తొలగించమని ఫారం 7 ఇవ్వండి. ఒక చోటే ఓటుండి ఇల్లు మారినవారికి ఇంత పని కూడా లేదు. ఫారం 8 ఒక్కటి నింపితే కొత్త చోట చేర్చి పాత చోట తీసివేస్తారు.

ఊరి ఓటు వదులుకోవడం చాలామందికి ఊరితో బంధం తెంచుకున్నట్టు అనిపిస్తుందని నాకు తెలుసు. 2024 మేలో ఇక్కడి నుంచి రాయలసీమకూ కోస్తాకూ బయలుదేరిన బస్సులూ రైళ్లూ కిటకిటలాడాయి, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 80 శాతం దాటింది. ఆ ఆరాటాన్ని నేను తక్కువ చేయను. అదే ఎన్నికలో బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గాల్లో పోలింగు 55 శాతానికి కూడా చేరలేదు. ఇక్కడ అద్దె కడుతూ, ఇక్కడి నీళ్లు తాగుతూ, ఇక్కడి బడిలో పిల్లలను చదివిస్తూ ఓటు మాత్రం వేరే చోట ఉంచుకున్నవారు ఎందరో ఉన్నారు. పోలవరం, అమరావతి వంటివాటి మీద బెంగళూరు ఓటుకు పట్టు ఉండదనుకోవడం కూడా సరికాదు. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం. దాన్ని ఆమోదించినది పార్లమెంటు. అందులో కర్ణాటక లోక్‌సభ సభ్యులు 28 మందికీ ఓటుంది. మీ బెంగళూరు ఎంపీని పోలవరం గురించి అడిగే హక్కు మీకు నిక్షేపంగా ఉంది. ఇంతవరకు ఎవరూ అడిగి ఉండకపోవచ్చు, అంతే.

ప్రశ్న: నేను మేస్త్రిని. కదిరి నుంచి వచ్చి సర్జాపుర రోడ్డులో కట్టడాల దగ్గర షెడ్డులో ఉంటాను. ఓటు ఊళ్లో ఉంది. పోయి రావాలంటే కూలి పోతుంది. కాంట్రాక్టరు సెలవు ఇవ్వాలా? ఇక్కడే ఓటు తీసుకుందామంటే చిరునామా కాగితం లేదు.
— ఒక పాఠకుడు, సర్జాపుర రోడ్డు

సమాధానం: పోలింగు రోజు సెలవు ఇవ్వాలి, ఆ రోజు కూలీ ఇవ్వాలి. 1951 చట్టంలోని 135బి సెక్షన్ వ్యాపార సంస్థలకూ పరిశ్రమలకూ ఇతర సంస్థలకూ అన్నింటికీ వర్తిస్తుంది. రోజుకూలీ మీద పనిచేసేవారినీ అది వదిలిపెట్టలేదు. పనిచేసే చోటు ఒకటీ ఓటున్న నియోజకవర్గం మరొకటీ అయినా, ఓటున్న చోట పోలింగు జరిగే రోజున ఈ హక్కు ఉంటుందని ఎన్నికల సంఘం తన ప్రకటనల్లో స్పష్టం చేస్తూ వస్తోంది. పాటించని యజమానికి చట్టం వేసే జరిమానా 500 రూపాయలు దాటదు. ఇంత చిన్న మొత్తానికి ఎవరు భయపడతారని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సెక్షన్‌ను సవరించాలని అడగవలసినది మన ఎంపీలనే. ప్రయాణానికి పట్టే రోజులకు మాత్రం చట్టంలో ఏ ఏర్పాటూ లేదు.

మీలాంటివారి కోసం ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ఒక ప్రతిపాదన తెచ్చింది. వలస వెళ్లిన చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసేందుకు, 72 నియోజకవర్గాలను ఒకే యంత్రంలో చూపగల ఏర్పాటు అది. 2023 జనవరిలో పార్టీలను పిలిచి చర్చించినప్పుడు, వలస కూలీ అంటే ఎవరు, వేరే రాష్ట్రంలో ఏజెంట్లను ఎలా పెట్టుకోవాలి వంటి సందేహాలతో ఎక్కువ పార్టీలు అభ్యంతరం చెప్పాయి. అభ్యంతరాలు అర్థం లేనివి కావు. అయితే వాటికి పరిష్కారం వెతకడానికి ఏ పార్టీ చొరవ చూపింది? వలస కూలీ ఓటు కోసం ఊరికి బస్సు పెట్టే పార్టీలు, అతను పనిచేసే చోటే ఓటు వేసే దారి గురించి మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చిరునామా గురించి: సొంత ఇల్లు గాని అద్దె పత్రం గాని లేకపోతే ఓటు ఇవ్వకూడదన్న నియమం లేదు. నిలువ నీడ లేనివారి విషయంలో కూడా, వారు చెప్పిన చోట రాత్రి నిద్రిస్తున్నారో లేదో బూత్ స్థాయి అధికారి వెళ్లి చూసి నమోదు చేయాలన్నది ఎన్నికల సంఘం సూచన. పని ముగిసి వేరే చోటికి తరచూ మారుతుంటే ఊరి ఓటే మేలు. ఒకే చోట ఏళ్ల తరబడి ఉంటే ఇక్కడికి మార్చుకోండి. 1950 నంబరుకు ఫోను చేస్తే మీ ప్రాంతపు అధికారి ఎవరో చెబుతారు.

ప్రశ్న: నాకు త్వరలో 18 ఏళ్లు నిండుతాయి. యలహంక దగ్గర కళాశాల వసతిగృహంలో ఉంటాను. నాన్నగారు ఊళ్లోనే నమోదు చేయిస్తానంటున్నారు. ఇక్కడ చేయించుకోవచ్చా?
— ఒక విద్యార్థిని, యలహంక

సమాధానం: చేయించుకోవచ్చు. వసతిగృహాల్లో ఉండి చదువుకునేవారు తల్లిదండ్రుల ఇంటి దగ్గర గాని, వసతిగృహం ఉన్న చోట గాని, ఏదో ఒక చోట నమోదు కావచ్చు. జనవరి 1 కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేదు. 2021 సవరణ తరువాత జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే. ఫారం 6 నింపండి. ఎక్కడన్నది మీ నిర్ణయం, నాన్నగారితో మాట్లాడి మీరే తీసుకోండి.

ప్రశ్న: పదవీ విరమణ చేసి కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇక్కడి మిత్రులు "కర్ణాటక కట్టే పన్నులో తిరిగి వచ్చేది కొంచెమే, మిగతాది మీలాంటి రాష్ట్రాలకు పోతోంది" అంటారు. అనంతపురం వెళితే "కేంద్రం మనకు అన్యాయం చేస్తోంది" అంటారు. నా కొడుకు పన్ను కట్టేది ఇక్కడ, మా పొలం ఉన్నది అక్కడ. నేను ఎవరి పక్షాన మాట్లాడాలి?
— ఒక పాఠకుడు, కృష్ణరాజపురం

సమాధానం: ఈ ప్రశ్న బెంగళూరు తెలుగువారు మాత్రమే ఇంత సూటిగా అడగగలరు. లెక్కలు చూస్తే మీరు అనుకున్నట్టు రెండు పక్షాలు లేవని తేలుతుంది.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత పంచాలో, అందులో ఏ రాష్ట్రానికి ఎంతో అయిదేళ్లకొకసారి ఆర్థిక సంఘం సిఫారసు చేస్తుంది. 2021–26 కాలానికి 15వ సంఘం రాష్ట్రాలన్నింటికీ కలిపి 41 శాతం సిఫారసు చేసింది. అందులో కర్ణాటక వాటా 14వ సంఘం కాలంలోని 4.713 శాతం నుంచి 3.647 శాతానికి పడిపోయింది. ఈ కోత మీద కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా చేసింది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు తగ్గింది. అంటే మీ మిత్రులు అనుకున్నట్టు కర్ణాటక పోగొట్టుకున్నది తెలుగు రాష్ట్రాలకు రాలేదు. మూడు రాష్ట్రాలూ పోగొట్టుకున్నాయి. ఎక్కువగా నష్టపోయినది కర్ణాటక అన్న మాట మాత్రం నిజం.

కారణం సూత్రంలో ఉంది. 15వ సంఘం 100కి 45 పాళ్లు తలసరి ఆదాయంలో వెనుకబాటుకు ఇచ్చింది; ధనిక రాష్ట్రానికి దీనివల్ల తక్కువ వస్తుంది. జనాభాకు 15, విస్తీర్ణానికి 15, జననాల రేటు తగ్గించినందుకు 12.5, అడవులకు 10, పన్ను వసూలులో శ్రద్ధకు 2.5 పాళ్లు ఇచ్చారు. 14వ సంఘం 1971 జనాభాకు కూడా కొంత ప్రాధాన్యం ఇవ్వగా, 15వ సంఘం 2011 జనాభానే తీసుకుంది. బెంగళూరు సంపద వల్ల కర్ణాటక తలసరి ఆదాయం పెరిగింది. కలబురగి, రాయచూరు ప్రాంతాల పేదరికం ఆ సగటులో కనిపించకుండా పోయింది. అనంతపురం కరువు కూడా రాష్ట్ర సగటులో ఇలాగే మునిగిపోతుందని మీకు వేరే చెప్పనక్కరలేదు.

పేద రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వడాన్ని నేను వ్యతిరేకించను. ఒకే దేశంగా ఉండడంలో అది భాగం. కర్ణాటక లోపల కూడా బెంగళూరు సొమ్ముతోనే ఉత్తర జిల్లాల బడులు నడుస్తున్నాయి. మనం గట్టిగా అడగవలసినవి వేరే రెండున్నాయి. మొదటిది పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు. ఇవి రాష్ట్రాలతో పంచుకోవలసిన మొత్తంలోకి రావు. కేంద్రం పన్నుకు బదులు సెస్సు పెంచితే 41 శాతం కాగితం మీద 41గానే ఉంటుంది, చేతికి వచ్చేది తగ్గుతుంది. ఈ విషయంలో బెంగళూరుకూ అనంతపురానికీ, ఆ మాటకొస్తే పాట్నాకూ ఒకే ప్రయోజనం. రెండవది, సంఘం సిఫారసు చేసిన సొమ్ము విడుదల కావడం. 2020–21కి వాటా పడిపోయినందుకు కర్ణాటకకు 5,495 కోట్లు, తెలంగాణకు 723 కోట్లు ప్రత్యేక గ్రాంటుగా ఇవ్వమని సంఘం చెప్పింది, కేంద్రం దానిని అంగీకరించలేదు. ఇటువంటివాటి మీద రెండు రాష్ట్రాల ఎంపీలు కలిసి మాట్లాడవచ్చు. ఇటు బెంగళూరు ఎంపీకీ అటు అనంతపురం ఎంపీకీ ఒకే ఉత్తరం రాయగల స్థితిలో మీరున్నారు. ఎవరి పక్షమన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఆ ఉత్తరమే.

ప్రశ్న: నియోజకవర్గాల పునర్విభజన జరిగితే దక్షిణాది నష్టపోతుందని ఒకరు, "జనాభాను బట్టి సీట్లు ఉండడమే ప్రజాస్వామ్యం" అని ఒకరు మా కార్యాలయంలో రోజూ వాదించుకుంటున్నారు. ఇద్దరి మాటా సరిగానే అనిపిస్తుంది. ఏమి ఆలోచించాలి?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

సమాధానం: ఇద్దరి మాటా సరిగా అనిపించడం మీ లోపం కాదు, రెండు వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలు అన్నది ఒకటి. ఆ రాష్ట్రం లోపల వాటి సరిహద్దులు ఎక్కడ అన్నది రెండవది.

మొదటిదాని చరిత్ర తెలుగువారికి చేదు చరిత్రే. 1962లో ఆంధ్రప్రదేశ్‌కు 43 లోక్‌సభ స్థానాలుండేవి. 1961 జనగణన తరువాత 1967 ఎన్నిక నాటికి అవి 41 అయ్యాయి. మద్రాసు రాష్ట్రానికి 41 ఉండగా 39 అయ్యాయి. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించే రాష్ట్రాలకు ఈ నష్టం ఇలాగే కొనసాగకూడదన్న ఆలోచనతో 1976లో రాజ్యాంగ 42వ సవరణ 1971 జనగణన లెక్కలనే 2001 వరకు స్థిరపరిచింది. ఆ తరువాత 84వ సవరణ ఆ స్తంభనను 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. 543 స్థానాల్లో ఉత్తరప్రదేశ్‌కు 80, బీహారుకు 40, కర్ణాటకకు 28, ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 ఉన్నది ఈ స్తంభన వల్లే. 2021లో జరగవలసిన జనగణన ఆలస్యమై, దానికి ప్రమాణ తేదీగా 2027 మార్చి 1ని ప్రకటించడంతో ఈ చర్చ వేడెక్కింది.

జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు శిక్ష అనుభవించకూడదన్నది న్యాయమైన వాదన. ఒక బీహారు పౌరుడి ఓటు విలువ ఒక తమిళుడి ఓటు కన్నా తక్కువ కాకూడదన్నదీ న్యాయమైన వాదనే. నా అభిప్రాయం అడిగితే, రాష్ట్రాల మధ్య దామాషాను మార్చేముందు రాష్ట్రాల సభగా రాజ్యసభకు ఎటువంటి బలం ఇస్తారో తేల్చాలి. రాష్ట్రాలకు రక్షణ ఇవ్వవలసిన సభను పక్కన పెట్టి, లోక్‌సభ అంకెలతోనే ఈ తగవు తీర్చడం సాధ్యమని నేను అనుకోను.

రెండవ సంగతిని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు, బెంగళూరువారికి అసలు దెబ్బ అక్కడే తగులుతోంది. రాష్ట్రం లోపలి సరిహద్దులు కూడా 2001 జనాభా దగ్గరే ఆగిపోయాయి. 2008లో గీసిన ఆ గీతల తరువాత మహానగరాల శివార్లు ఎంత పెరిగాయో వైట్‌ఫీల్డ్‌లో ఉన్న మీకు చెప్పవలసిన పని లేదు. హైదరాబాదు అంచున ఉన్న మల్కాజిగిరిలో 2019 నాటికే ఓటర్లు 31 లక్షలు దాటారు. పల్లె ప్రాంతపు నియోజకవర్గాల్లో అందులో సగం ఉండడమే మామూలు. అంటే శివారు ఓటరు గొంతు అదే రాష్ట్రపు పల్లె ఓటరు గొంతులో సగం. దీనికి ఉత్తరాది, దక్షిణాది తగవుతో సంబంధం లేదు. రాష్ట్రాలకున్న సంఖ్య మారకుండానే లోపలి సరిహద్దులు సరిచేయవచ్చు, 2008లో చేసినది అదే. ఢిల్లీలో దక్షిణాది బలం గురించి మాట్లాడుతూనే, ఈ రెండవ పనిని మొదటిదానితో ముడిపెట్టి ఆపవద్దని మీ కార్యాలయంలోని ఇద్దరు మిత్రులూ కలిసి అడగవచ్చు.

మహిళల రిజర్వేషన్ ఈ ముడిలోనే ఇరుక్కుంది. 2023లో ఆమోదం పొందిన 106వ సవరణ మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది గాని, ఆ తరువాతి జనగణన, దాని మీద జరిగే పునర్విభజన పూర్తయితే తప్ప అమలు కాదని అందులోనే రాశారు. సగం జనాభాకు చెందవలసిన న్యాయాన్ని ఇన్ని మెట్ల చివర పెట్టడం తప్పని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: ఒక పార్టీ గుర్తు మీద గెలిచి మరో పార్టీలో చేరినవారిని వెనక్కి పిలిచే హక్కు మనకు లేదా? ఇంత బలమైన చట్టం ఉందంటారు, ఎందుకు పనిచేయదు?
— ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

సమాధానం: ఎంపీనిగాని ఎమ్మెల్యేనిగాని వెనక్కి పిలిచే హక్కు మన దేశంలో లేదు. కొన్ని రాష్ట్రాల్లో స్థానిక సంస్థలకు మాత్రమే అటువంటి ఏర్పాటు ఉంది. ఫిరాయింపుల చట్టం 1985లో 52వ సవరణతో వచ్చింది. దానిలో రెండు పెద్ద కంతలు ఉన్నాయి, రెండింటికీ మన రాష్ట్రాలే ఉదాహరణలు.

మొదటిది విలీనం. ఒక సభలో పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే అది ఫిరాయింపు కాదు. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు భారతీయ జనతా పార్టీలో విలీనమయ్యారు. అదే నెలలో తెలంగాణలో కాంగ్రెసు ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమయ్యారు. ఒక్కరు వెళితే తప్పయినది నలుగురు కలిసి వెళితే ఎలా ఒప్పవుతుందని ఓటరు అడిగితే చట్టం దగ్గర సమాధానం లేదు. రెండవది స్పీకరు. అనర్హతను తేల్చవలసిన స్పీకరు స్వయంగా ఒక పార్టీ సభ్యుడు, పైగా గడువు చట్టంలో లేదు. సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో ఒక మణిపుర్ కేసులో చెప్పింది. తెలంగాణలో భారత రాష్ట్ర సమితి నుంచి మారారన్న పదిమంది ఎమ్మెల్యేల విషయంలో 2025 జూలై 31న అదే కోర్టు స్పీకరుకు మూడు నెలల గడువు పెట్టవలసి వచ్చింది. ప్రతిసారీ కోర్టుకు వెళితే తప్ప కదలని చట్టాన్ని బలమైన చట్టం అనలేము.

ఇంకొక నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. ఈ చట్టం వల్లే మీ ఎంపీ ఏ బిల్లు మీదనైనా పార్టీ విప్‌కు, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటు వేయలేడు. ఫిరాయించేవాడిని సరిగా ఆపలేకపోయిన చట్టం, మనస్సాక్షితో ఓటు వేయాలనుకునేవాడిని మాత్రం గట్టిగా ఆపుతోంది. విప్‌ను విశ్వాస తీర్మానం వంటి సందర్భాలకే పరిమితం చేయమని 1990లోనే ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ సూచించింది. ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా దాన్ని తీసి చూడలేదు. ఈసారి మీ వీధికి వచ్చే అభ్యర్థిని ఏ పార్టీవాడైనా సరే ఈ సూచన మీద అతని వైఖరి ఏమిటో అడగండి.

ప్రశ్న: నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరుగుతుందా?
— ఒక పాఠకురాలు, హెబ్బాళ

సమాధానం: లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో జరగదు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు నోటా వచ్చింది గాని, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. 2024లో ఇందోర్‌లో నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. నిరసనగా దాని విలువ దానికుంది, ఫలితం మీద ప్రభావం లేదు. అదే ఎన్నికలో సూరత్‌లో అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు కనుక అక్కడివారికి నోటా నొక్కే అవకాశం కూడా రాలేదు.

ప్రశ్న: కుటుంబం వాట్సాప్ సమూహంలో రోజూ రాజకీయ వాదనలే. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఇంత మాట్లాడినా మా అభిప్రాయం ఢిల్లీలో ఒక్కరికైనా చేరుతుందా?
— ఒక పాఠకురాలు, బనశంకరి

సమాధానం: అక్కడ మాట్లాడినది చేరదు. చేరే దారులు మాత్రం ఉన్నాయి. 2014లో కేంద్రం తీసుకున్న ఒక నిర్ణయం ప్రకారం, ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజుల పాటు ప్రజల ముందుంచి అభిప్రాయాలు తీసుకోవాలి. ఇది చట్టం కాదు, విధానం మాత్రమే కనుక ఎన్నోసార్లు పాటించరు. పాటించనప్పుడు అడగడం కూడా మన పనే. బిల్లు పార్లమెంటరీ కమిటీకి వెళితే ఆ కమిటీ పత్రికల్లో ప్రకటన ఇచ్చి సూచనలు ఆహ్వానిస్తుంది. 2024 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఏకకాల ఎన్నికల బిల్లు అలాగే సంయుక్త కమిటీకి వెళ్లింది. ఒక పేజీలో మీ అనుభవాన్ని, మీరు కోరే మార్పును రాసి పంపితే అది కమిటీ దస్త్రాల్లోకి వెళుతుంది.

ఇంకొక మేలైన దారి ప్రశ్నోత్తరాల సమయం. ఎంపీ విప్‌కు కట్టుబడి ఓటు వేస్తాడు గాని, ప్రశ్న అడగడానికి ఏ విప్ అడ్డు రాదు. రాతపూర్వక జవాబు కోరిన ప్రశ్నకు మంత్రి రాతలోనే జవాబివ్వాలి, అది పార్లమెంటు వెబ్‌సైటులో శాశ్వతంగా ఉంటుంది. మీ ఎంపీ ఏ అంశాల మీద ఎన్ని ప్రశ్నలు అడిగారో కూడా అక్కడే చూడవచ్చు. మీ సమూహంలో తగవు పడుతున్న అంశం మీద అధికారికమైన అంకె కావాలని ఎంపీ కార్యాలయానికి రాయండి. మీ అన్నదమ్ముల తగవు తీర్చే శక్తి ఈ శీర్షికకు లేదు. అయితే ఇద్దరూ ఒకే జవాబు పత్రాన్ని ముందు పెట్టుకుని వాదించుకుంటే మాట్లాడుకోవడమైనా మిగులుతుందని నా ఆశ.

ప్రశ్న: మీరు ఎప్పుడూ ఢిల్లీ, అమరావతి, హైదరాబాదు గురించే రాస్తారు. మా వీధిలో వాన వస్తే మోకాలి లోతు నీళ్లు. అడుగుదామంటే కార్పొరేటరే లేడు. ఇది జాతీయ సమస్య కాదా?
— ఒక పాఠకుడు, హొరమావు

సమాధానం: అవును, ఇది జాతీయ సమస్యే. 1993లో అమలులోకి వచ్చిన 74వ సవరణ నగరపాలక సంస్థలకు అయిదేళ్ల గడువు పెట్టి, అది ముగిసేలోపే ఎన్నిక జరపాలని 243యు అధికరణంలో రాసింది. ఎన్నికైన పాలకమండలి లేకుండా నగరాన్ని అధికారుల చేతిలో ఉంచకూడదన్నది దాని ఉద్దేశం. బెంగళూరు మహానగర పాలికెకు చివరి ఎన్నిక 2015 ఆగస్టులో జరిగింది, ఆ మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి నగరం పాలనాధికారి చేతిలోనే నడిచింది. ఈ కాలంలో కర్ణాటకలో వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు మారాయి. వార్డుల సంఖ్య, సరిహద్దులు, రిజర్వేషన్లు అంటూ ప్రతి ప్రభుత్వానికీ ఒక కారణం దొరికింది. వార్డుల విభజన పూర్తి కాలేదన్న సాకుతో స్థానిక ఎన్నికలు ఆపరాదని సుప్రీంకోర్టు 2022లో మధ్యప్రదేశ్ కేసులో చెప్పిన తరువాత కూడా ఇక్కడ పరిస్థితి మారలేదు. 2024 నాటి గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మేలో అమలులోకి వచ్చి, ఆ సెప్టెంబరులో పాత పాలికె స్థానంలో అయిదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి.

నీళ్లు నిలిచిన వీధికి ప్రధానమంత్రి బాధ్యుడా, ముఖ్యమంత్రి బాధ్యుడా అని మనం వాదించుకోవడానికి కారణం, నిజంగా బాధ్యుడైన మనిషిని ఎన్నుకోనివ్వకపోవడమే. రాజ్యాంగం మూడు అంచెల్లో ఇచ్చిన ప్రాతినిధ్యంలో ఒక అంచె ఇన్నేళ్లు ఖాళీగా ఉన్నా, కోటి మందికి పైగా ఉన్న నగరంలో అది ఎన్నికల అంశం కాలేకపోయింది. ఇక్కడ ఉంటూ ఇక్కడ ఓటు లేనివారి మౌనం కూడా అందుకు ఒక కారణమని నేను అనుకుంటున్నాను.

వార్డు ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. మీ ఇంట్లో అందరి పేర్లూ అందులో ఉన్నాయో లేదో, కొత్త విభజనలో మీ వీధి ఏ కార్పొరేషన్‌లోకి, ఏ వార్డులోకి వచ్చిందో ముందుగా చూసుకోండి. వాన నీటి కాలువ ఎవరి అధీనంలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, రుసుము పది రూపాయలే. వార్డు అభ్యర్థులు మీ వీధికి వచ్చినప్పుడు ఆ జవాబు కాగితం మీ చేతిలో ఉండాలి. అది వచ్చిన తరువాత ఒక నకలు మాకూ పంపండి, దాని మీద వచ్చే సంచికలో రాస్తాము.